రెండు చోట్లను కలిపే గాజు తీగ



పావగడ తాలూకాలో క్యాతగానచెర్లు అనే ఊరుంది. లెక్కకు తుమకూరు జిల్లా, కర్ణాటక రాష్ట్రం. తాలూకా చుట్టూ చూస్తే దాదాపు అంతా ఆంధ్రప్రదేశ్ నేలే. తెలుగూ కన్నడమూ ఒకే అరుగు మీద కూర్చుని మాట్లాడుకునే ఊళ్ళు మనవి. ఊరి పేరు చివర చెరువు వినిపిస్తుంది గానీ, ఈనాడు అటు వెళ్ళేవారి కంట ముందు పడేది నీళ్ళు కాదు, ఎండలో మెరిసే సౌర ఫలకాలు. తిరుమణి, బళసముద్రం, వల్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు - ఈ ఐదు ఊళ్ళ పొలాలలో సుమారు 13,000 ఎకరాల మేర 2,050 మెగావాట్ల సోలార్ పార్కు విస్తరించి ఉంది. 2018 మార్చిలో మొదటి భాగం ప్రారంభమైంది, 2019 డిసెంబరు నాటికి అంతా పూర్తయింది. రైతులు భూమిని అమ్మలేదు, కౌలుకిచ్చారు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, ఆపైన రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు.

ఆ కరెంటు సంగతి మీరు పత్రికలలో చదివే ఉంటారు. నేను ఈరోజు చెప్పదలచుకున్నది మరో తీగ గురించి. పెద్ద లైన్ల మీదుగా, రోడ్ల పక్క నేలలోనుంచి, మన పంచాయతీ ఆఫీసు దాకా వచ్చే గాజు తీగ గురించి. దీనినే ఆప్టికల్ ఫైబర్ అంటున్నాం. తెలుగులో గాజు అంటే ఆడపిల్ల చేతిదీ గాజే, కిటికీదీ గాజే. కన్నడంలో చేతి గాజును బళె అంటారు, గాజు అంటే అద్దమే. కనుక మా తరగతిలో 'గాజు తీగ' అనగానే తెలుగు పిల్లలు నవ్వుతారు, కన్నడ పిల్లలు నవ్వరు. అది అలా ఉంచండి.

ఈ గాజు అవసరం నాకు ఎలా తెలిసివచ్చిందో ముందు చెబుతాను. తాలూకాలోనే ఒక బడిలో పనిచేసేటప్పుడు మా పాత భవనం ఊళ్ళో, కొత్త భవనం వంక అవతల ఉండేవి. నడిచే దారి లెక్కన మధ్య దూరం 340 మీటర్లు. ఇంటర్నెట్ పాత భవనానికి వచ్చింది, కంప్యూటర్లేమో కొత్త భవనంలో ఉన్నాయి. కంప్యూటర్లను కలిపే మామూలు రాగి తీగ 100 మీటర్లు దాటితే పనికిరాదని నాకు తెలుసు. అయినా తెలివి ఉపయోగించాననుకుని, మధ్యలో మూడు చోట్ల చిన్న స్విచ్ పెట్టెలు పెట్టి, ముక్కలు ముక్కలుగా తీగ లాగించాను. ఒక పెట్టె ఎవరింటి పంచలోనో, ఒకటి కిరాణా కొట్టులో. అవ్వ ఫ్యాను కోసం ప్లగ్గు పీకితే మా బడికి ఇంటర్నెట్ పోయేది. ఆ మే నెలలో ఒక సాయంత్రం ఉరుములతో వాన పడింది. పిడుగు మా తీగ మీద పడలేదు, దూరాన ఎక్కడో పడింది. మరునాడు తలుపు తీస్తే మూడు స్విచ్‌లూ, రెండు కంప్యూటర్లూ పనిచేయలేదు. ఒక పెట్టె లోపల నల్లగా మాడిపోయింది.

ఇందులో తప్పు ఎవరిదో వెతకనక్కరలేదు, నాదే. రెండు భవనాల భూమి తీగలు ఒకే మట్టంలో ఉండవు. పిడుగు పడినప్పుడు రెండు చోట్ల భూమి మధ్యనే వోల్టేజి తేడా పుడుతుంది. వాటి మధ్య రాగి తీగ కట్టామంటే ఆ తేడాకు మనమే దారి చూపినట్టు. గాజులో కరెంటు పారదు. వెలుగు పోతుంది, పిడుగు పోదు. రెండు కట్టడాల మధ్య గాజే ఎందుకు అని అడిగితే, వేగం కంటే ముందు నేను చెప్పే జవాబు ఇదే.

ఇక గాజులోనూ రెండు రకాలున్నాయి: మల్టీమోడ్, సింగిల్‌మోడ్. మోడ్ అంటే ఇక్కడ వెలుగు నడిచే తీరు అనుకోండి. రెండింటిలోనూ గాజు పోగు మొత్తం మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. మన తలవెంట్రుక కంటే కాస్త లావే. తేడా అంతా లోపలి గర్భంలో ఉంది. మల్టీమోడ్‌లో ఆ గర్భం 50 లేదా 62.5 మైక్రాన్లు. సింగిల్‌మోడ్‌లో సుమారు 9 మైక్రాన్లే.

వెడల్పైన దారి అయితే ఎక్కువ వెలుగు పోతుంది కదా, అదే మేలు కదా అని మీకు తోచవచ్చు. నాకూ అలాగే తోచింది. జాతరనాడు చెరువు కట్ట మీద జనం వచ్చే తీరు తలచుకోండి. కట్ట వెడల్పుగా ఉంటుంది. ఒకరు నేరుగా నడుస్తారు, ఒకరు ఆ పక్కకీ ఈ పక్కకీ పోతూ వస్తారు. ఒకేసారి బయలుదేరినవాళ్ళు ఒకేసారి చేరరు. వెనుక గుంపులో ముందువాళ్ళు ముందు గుంపులో వెనుకవాళ్ళతో కలిసిపోతారు, ఏ గుంపు ఏదో తెలియదు. మల్టీమోడ్ గాజులో వెలుగు మినుకుల గతి ఇదే. అందుకే సెకనుకు ఒక గిగాబిట్ వేగంతో అది సుమారు 550 మీటర్ల వరకే నమ్మకంగా పనిచేస్తుంది. సింగిల్‌మోడ్ అంటే పొలం గెనిమ. ఒకరి వెనుక ఒకరు తప్ప నడిచే వీలు లేదు. బయలుదేరిన వరుసలోనే చేరతారు. అదే వేగంతో మామూలు పెట్టెలతోనే పది కిలోమీటర్లు, శక్తి ఎక్కువున్న పెట్టెలతో ఎనభై కిలోమీటర్ల దాకా వెళుతుంది.

పదో తరగతి పిల్లలకు మేము సంపూర్ణాంతర పరావర్తనం చెప్పేటప్పుడు గొట్టం గీసి, అందులో వెలుగు గోడలకు తగిలి వంకర టింకరగా పోతున్నట్టు బొమ్మ వేస్తాం. ఆ బొమ్మ మల్టీమోడ్‌కు సరిపోతుంది. సింగిల్‌మోడ్‌కు సరిగా సరిపోదు. అక్కడ గర్భం వెలుగు తరంగదైర్ఘ్యానికి కొన్ని రెట్లు మాత్రమే కనుక, వెలుగు గోడకు తగిలి ఎగిరే బంతిలా కాక, గర్భాన్ని పట్టుకుని సాగే ఒకే అలలా పోతుంది. అందులో కొంత భాగం గర్భం బయటి పొరలో కూడా ఉంటుంది. అందుకే తీగను గట్టిగా మడిస్తే వెలుగు బయటికి కారిపోతుంది. ఈ సంగతి ఉపాధ్యాయ మిత్రులు గమనించగలరు.

ఈ గాజు కథ మరీ పాతదేమీ కాదు. పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ 1950లలో ఇంగ్లండులో గాజు పోగుల కట్టల గుండా బొమ్మలు పంపే పని చేశారు. 1966లో ఛార్లెస్ కావ్, జార్జ్ హాక్‌హామ్ అనే ఇద్దరు ఒక లెక్క చెప్పారు: గాజులోని మలినాలు తీసేసి, కిలోమీటరుకు నష్టం 20 డెసిబెల్‌లకు తగ్గించగలిగితే చాలు, టెలిఫోన్ మాటలను గాజు మీద పంపవచ్చునని. 20 డెసిబెల్‌లంటే ఏమిటో తెలుసా? నూరు పాళ్ళ వెలుగు బయలుదేరితే కిలోమీటరు తరువాత ఒక పాలు మిగలడం. అప్పటి గాజు అంతకూ తూగలేదు. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీ వారు ఆ గీత దాటారు. కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈనాటి సింగిల్‌మోడ్ గాజులో 1310 నానోమీటర్ల వెలుగుకు కిలోమీటరు నష్టం 0.35 డెసిబెల్‌ల చుట్టుపక్కలే. అంటే నూటికి 92 పాళ్ళు మిగులుతుంది. 1550 నానోమీటర్ల వెలుగుకు నష్టం ఇంకా తక్కువ, దూర ప్రయాణాలకు అది. రెండూ మన కంటికి కనపడని వెలుగులే.

ఇప్పుడు కాగితం, పెన్సిలు ఉంటే దగ్గర పెట్టుకోండి. రెండు ఊళ్ళ మధ్య ఆరు కిలోమీటర్ల తీగ వేయాలనుకోండి. సంసారం లెక్కలాగే ఇక్కడా ఆదాయం, ఖర్చు రాసుకోవాలి. పది కిలోమీటర్ల రకం పెట్టె కనీసం మైనస్ తొమ్మిదిన్నర బలంతో వెలుగు పంపుతుంది, అవతలి పెట్టె మైనస్ ఇరవై వరకు బలహీనపడిన వెలుగును కూడా చదవగలదు. ఈ రెండింటి తేడా పదిన్నర డెసిబెల్‌లు, అదే మన ఆదాయం. ఖర్చు: ఆరు కిలోమీటర్లకు 0.35 చొప్పున 2.1. దారిలో నాలుగు అతుకులు, ఒక్కోటి 0.1 వేసినా 0.4. రెండు కొనల్లో కలిపి నాలుగు బిగింపులు, అంటే కనెక్టర్లు, ఒక్కోదానికి అర చొప్పున 2. మొత్తం నాలుగున్నర. మిగులు ఆరు. ఆ ఆరూ ఖర్చు పెట్టేయకండి. తీగ తెగినప్పుడల్లా కొత్త అతుకులు పడతాయి, పెట్టెలు పాతబడతాయి. కనీసం మూడు డెసిబెల్‌లు ఎప్పుడూ చేతిలో ఉండాలి. మరీ దగ్గర దూరానికి ఎనభై కిలోమీటర్ల పెట్టె కొనడం కూడా తప్పే. వెలుగు మరీ ఎక్కువై అవతలి పెట్టె కన్ను దెబ్బతింటుంది. చెవి దగ్గర నోరు పెట్టి కేకవేస్తే ఏం వినపడుతుంది?

ఆరు కిలోమీటర్ల గాజు తినేది 2.1, నాలుగు బిగింపులు తినేది 2. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. దూరం కాదు, కొనలే మన శత్రువులు. మా బడికి గాజు వేసినప్పుడు ఆ సంగతి కళ్ళారా చూశాను. అతికే పనికి మడకశిర వైపునుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. పట్టుమని పాతికేళ్ళు లేవు, నేను బి.ఇడి.లో నేర్చుకోనిదంతా ఆ పూటలో నేర్పాడు. పోగు పైపొర ఒలిచి, స్పిరిట్ గుడ్డతో తుడిచి, ఒక చిన్న కత్తెర యంత్రంలో పెట్టి టక్కున విరిచాడు. కోయడం కాదు, గీటు పెట్టి విరవడం. కొన అద్దంలా నున్నగా రావాలి. రెండు కొనలనూ యంత్రంలో ఎదురెదురుగా పెడితే తెర మీద పెద్దగా కనిపించాయి. మీట నొక్కగానే సన్నని విద్యుత్ మెరుపు వచ్చి, గాజు కరిగి అతుక్కుంది. యంత్రం నష్టం 0.02 అని చూపింది. మా పిల్లలు చుట్టూ మూగారు. విరిచిన ముక్కలను ఒక్కటొక్కటే ఏరి మూత ఉన్న సీసాలో వేశాడు. ఉత్తికాళ్ళతో తిరిగే పిల్లల పాదంలో అది దిగితే కంటికి కనపడదు, బయటికి తీయడం కష్టం.

నేను కుతూహలం కొద్దీ తీగ కొనను కంటి దగ్గర పెట్టుకోబోతే చెయ్యి పట్టుకున్నాడు. "సార్, కన్ను పెట్టాకండి. కనపడని వెలుగు అది, కన్ను పోయినాక తెలుస్తుంది" అన్నాడు. నిజమే. కనపడదు కనుక రెప్ప కూడా మూసుకోదు.

తరువాత నా జేబు రుమాలుతో కొన తుడవబోతే మళ్ళీ పట్టుకున్నాడు. తొమ్మిది మైక్రాన్ల దారికి అడ్డం పడడానికి ఎంత దుమ్ము కావాలి? మన నల్లబల్ల సుద్దపొడి రేణువు ఒక్కటి చాలు. మా కంప్యూటర్ గది పక్కనే తరగతి గది. ఎన్ని నెలల సుద్దపొడి ఆ కిటికీలోనుంచి వస్తుందో ఊహించండి. కనుక నియమం ఒకటే. బిగించే క్షణం దాకా మూత తీయకూడదు. తీస్తే దానికోసం అమ్మే పొడి బట్టతో గానీ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గానీ తుడవాలి. నోటితో ఊదకూడదు, ఉమ్మి తుంపర పడుతుంది. చొక్కా అంచు అసలే వద్దు. ఇంకొకటి. బిగింపు కొనల్లో నీలం రంగువి, ఆకుపచ్చవి ఉంటాయి. ఆకుపచ్చ కొన ఎనిమిది డిగ్రీల వాలుగా అరగదీసినది. నీలాన్ని నీలానికే, పచ్చను పచ్చకే కలపాలి. పెళ్ళి తప్పితే వెలుగు సగం పైగా పోతుంది, కొన కూడా గీరుకుపోవచ్చు. రెండు పోగుల పద్ధతిలో ఇవతలి నోరు అవతలి చెవికి, అవతలి నోరు ఇవతలి చెవికి కలపాలి. నోటికి నోరు కలిపి, దీపం వెలగడం లేదని పెట్టె మార్చేవారిని నేను చూశాను.

దుకాణదారు మాకు మల్టీమోడ్ చాలన్నాడు. 340 మీటర్లకు చాలుతుంది, అబద్ధం కాదు. కానీ నేలలో పూడ్చిన గాజు ఇరవై ఏళ్ళకు పైగా ఉంటుంది, పెట్టెలు ఐదారేళ్ళకు మారతాయి. సింగిల్‌మోడ్ అయితే రేపు వేగం పదింతలు కావాలంటే రెండు కొనల్లో పెట్టెలు మారిస్తే సరి, నేల తవ్వే పని లేదు. తీగ ధరలోనూ సింగిల్‌మోడ్ ఎక్కువేమీ కాదు. నా సలహా అడిగితే, కొత్తగా వేసేవారు మరో ఆలోచన పెట్టుకోవద్దు. పిడుగు భయం ఉన్నచోట ఉక్కు కవచం లేని తీగ అడగండి. కవచం ఉన్నది తప్పకపోతే భవనంలోకి వచ్చేచోట ఆ ఉక్కును సరిగా భూమికి కట్టించండి. లేకపోతే గాజు వేసీ పిడుగును లోపలికి పిలిచినట్టే.

మళ్ళీ క్యాతగానచెర్లు వైపు వద్దాం. అన్ని వేల ఎకరాల ఫలకాల లెక్క క్షణక్షణమూ బెంగళూరులోని లోడ్ డిస్పాచ్ కేంద్రానికి తెలియాలి. మబ్బు ఒకటి అడ్డం వచ్చినా ఉత్పత్తి పడిపోతుంది, అక్కడివారు వేరేచోట పెంచుకోవాలి. పెద్ద టవర్ లైన్లను ఈసారి తలెత్తి చూడండి. అన్నిటికంటే పైన, శిఖరాన ఒక సన్నని తీగ ఉంటుంది. అది పిడుగును పట్టి నేలకు దించే భూమి తీగ. ఈనాటి లైన్లలో చాలావాటికి ఆ తీగ పొట్టలోనే గాజు పోగులు పెట్టి అల్లుతున్నారు. పైన పిడుగు, లోపల మాట! గాజు కనుకనే ఆ రెండూ ఒక్కచోట కాపురం చేయగలవు.

ఆ పోగులు లెక్కలు పంపడానికే కాదు. లైను రెండు కొనల్లోనూ రిలేలు అనే కాపలా యంత్రాలుంటాయి. ఇంత కరెంటు నా దగ్గర లోపలికి వచ్చింది అని ఒకటి, ఇంత బయటికి పోయింది అని మరొకటి గాజు మీదుగా నిరంతరం చెప్పుకుంటాయి. రెండు లెక్కలూ కలవలేదా, మధ్యలో ఎక్కడో తీగ తెగి నేల మీద పడిందనో, చెట్టుకు తగిలిందనో అర్థం. కొన్ని పదుల మిల్లీసెకన్లలో, అంటే మీరు రెప్ప వేసేలోపు, లైను ఆపేస్తాయి. గాజులో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, కిలోమీటరుకు సెకనులో రెండు లక్షల వంతు. అటువంటి లైను కింద పశువులు మేపేవాళ్ళ ప్రాణం ఆ మాట మీద ఆధారపడి ఉంది.

పంచాయతీలకు గాజు వేసే పని 2011లో కేంద్రం ఆమోదించిన పథకంతో మొదలైంది, 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు మార్చారు. 2012లో ప్రయోగంగా దేశంలో ఎంచుకున్న మూడు బ్లాకులలో ఒకటి మన తెలుగువారిదే, అప్పటి విశాఖపట్నం జిల్లా పరవాడ. తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేరే దారి పట్టి, కరెంటు స్తంభాల మీదనే సుమారు 24,000 కిలోమీటర్ల గాజు తీగ వేలాడదీసింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దానిని ప్రారంభించారు. స్తంభాల మీద వేయడం చవక, త్వరగా అవుతుంది. గాలివానకు కొమ్మ విరిగి పడితే పోతుంది. నేలలో వేస్తే గాలి భయం లేదు గానీ మనది బండ నేల, తవ్వేవాడి నడుము విరుగుతుంది. మామూలుగా సుమారు ఐదున్నర అడుగుల లోతు తవ్వి ప్లాస్టిక్ గొట్టంలో వేయాలంటారు. బండ తగిలినచోట లోతు తగ్గించి పైన కాంక్రీటు పోస్తారు. పోశారా లేదా అన్నది తరువాత జె.సి.బి. వచ్చినప్పుడు తెలుస్తుంది.

ఈ జె.సి.బి. సంగతే మీకు గట్టిగా చెప్పాలనుకున్నాను. మంచినీళ్ళ గొట్టం కోసమనో, పొలానికి దారి కోసమనో తవ్వుతాం. బొచ్చెకు నల్లని గొట్టం తగులుతుంది, తెగుతుంది, మట్టి కప్పేసి పోతాం. మనకు పోయింది అరనిమిషం. మన సెల్‌ఫోన్ టవరుకు కూడా చాలాచోట్ల కాళ్ళ కింద ఉన్నది గాజే. అది తెగితే రేషన్ కొట్టులో వేలిముద్ర పడదు, పింఛను పడిందో లేదో తెలియదు, ఎండలో వచ్చిన ముసలమ్మ "రేపు రా అవ్వా" అనిపించుకుని పోతుంది. ఎవరి తవ్వకంతో ఎవరి గింజలు ఆగిపోయాయో ఆమెకు ఎవరు చెబుతారు? తవ్వే ముందు ఆ నేలలో ఏ తీగలున్నాయో తెలిపే కాల్ బిఫోర్ యు డిగ్ అనే ఫోను ఆప్‌ను 2023 మార్చి 22న ప్రారంభించారు. అది చేతకాకపోతే పంచాయతీలో ఒక మాట అడగండి. మట్టిలో పసుపుపచ్చ, నారింజ రంగు హెచ్చరిక పట్టీ కనిపిస్తే ఆగండి. రాగి అనుకుని కోసుకుపోయేవారికి కూడా ఒక మాట: అందులో రాగి లేదు. అమ్మితే టీ డబ్బులు కూడా రావు.

తెగినచోటు ఎక్కడో తవ్వకుండానే కనిపెట్టే యంత్రం ఉంది. ఒక కొననుంచి వెలుగు మినుకు పంపి, దారి పొడవునా వెనక్కి చెదిరి వచ్చే వెలుగును చూసి, ఇక్కడినుంచి ఇన్ని మీటర్ల దగ్గర తెగింది అని చెబుతుంది. బావిలో రాయి వేసి చప్పుడును బట్టి లోతు చెప్పినట్టు. కానీ అది చెప్పేది గాజు పొడవు, నేల మీద దూరం కాదు. గుంతల్లో చుట్టిపెట్టిన మిగులు తీగ కూడా ఆ లెక్కలో చేరుతుంది. అందుకే ఆ మడకశిర కుర్రవాడు పని అయిపోయాక నాచేత ఒక పటం గీయించాడు. ఒక ప్రతి పాత భవనంలో, ఒక ప్రతి కొత్త భవనంలో అతికించమన్నాడు. మరో రెండు వానాకాలాల తరువాత వంక దగ్గర తీగ తెగింది. యంత్రం 226 మీటర్లు చూపింది. పటంలో నా చేతిరాత ఇలా ఉంది: "పాత గది నుంచి చింతచెట్టు గుంత దాకా 198 మీటర్లు, అక్కడ పది మీటర్ల చుట్ట, ఆపైన వంక." చింతచెట్టు దగ్గరనుంచి పద్దెనిమిది మీటర్లు కొలిచి, ఒక్కచోటే తవ్వాము. మధ్యాహ్నం గంట కొట్టేలోపు మళ్ళీ దీపం వెలిగింది.